ఈ వయసులో నీకెందుకు?

శ్రోతలకు నమస్కారం.

మన శ్రీకాకుళం జిల్లాలో ఏ ఊరికి వెళ్లినా అరుగు మీద కూర్చున్న పెద్దవాళ్లకు రోజూ వినబడే మాట ఒకటుంది. "ఈ వయసులో నీకెందుకే నాయనమ్మా, కృష్ణా రామా అనుకుంటూ కూర్చో!" ప్రేమతోనే అంటాం. కానీ ఆ మాట ఏళ్ల తరబడి విన్న మనిషి చివరికి తనూ అదే నమ్ముతుంది. నన్ను బాధపెట్టేది అదే.

అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ఒక చిన్న పట్టణంలో 50 దాటిన 660 మంది మీద జరిగిన పరిశోధన ఫలితాలను యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెక్కా లెవీ బృందం 2002లో ప్రకటించింది. తమ ముసలితనాన్ని మంచిగా భావించినవాళ్లు, అలా భావించనివాళ్ల కంటే సుమారు ఏడున్నరేళ్లు ఎక్కువ బతికారు. ఆరోగ్యం, ఆర్థిక స్థితి, ఒంటరితనం లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పోలేదు. అనుకుంటేనే ఆయుష్షు పెరుగుతుందా అంటారేమో. "ఇంకేముంది, నా పని అయిపోయింది" అనుకున్నాయన నడక మానేస్తాడు, మందులు వేళకు వేసుకోడు, నలుగురిలోకి రాడు. ఒంటికైనా బుద్ధికైనా పని తగ్గుతూ వస్తుంది.

చెవుడు సంగతే చూడండి. భోజనాల దగ్గర అందరూ మాట్లాడుకుంటుంటే తాతకు సగమే అందుతుంది. రెండుసార్లు "ఏంటి?" అని అడుగుతాడు. మూడోసారి అడిగితే విసుక్కుంటారేమోనని నవ్వి ఊరుకుంటాడు. కొన్నాళ్లకు భోజనం పళ్లెం గదిలోకే తెప్పించుకుంటాడు. "తాతకు మతి తప్పుతోంది" అని మనం అనేసుకుంటాం. చెవి పరీక్ష చేయించాలని ఎవరికీ తట్టదు. పట్టించుకోని వినికిడి లోపం మతిమరుపు జబ్బు ముప్పును పెంచుతుందని డాక్టర్లు చెబుతున్నారు. కంటి శుక్లాలూ అంతే, దిగులు జబ్బూ అంతే. వైద్యం ఉన్న వాటిని కూడా వయసు ఖాతాలో వేసేస్తున్నాం.

మన పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారికీ చెవుడే. సవర గిరిజనుల కోసం కొండల్లో తిరుగుతూ జ్వరాలపాలై, వాడిన క్వినైన్ వల్ల వచ్చింది. అయినా ఆయన సవర భాషా గ్రంథం 1931లో వెలువడింది. నిఘంటువు 1938లో వచ్చేసరికి ఆయనకు 75 ఏళ్లు. అందరూ గిడుగువారు కాలేరు, నిజమే. కానీ బరబాటీ (అలసంద) విత్తనాన్ని బూడిదలో కలిపి ఏడాదంతా పాడవకుండా దాచే మామ్మ దగ్గరా నేర్చుకోవాల్సింది ఉంది. అడిగితేనే కదా చెబుతుంది!

ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ పరిశోధకులు, 1976లో ప్రకటించిన ఒక ప్రయోగంలో, అమెరికాలోని ఒక వృద్ధాశ్రమంలో ఒక అంతస్తువాళ్లకు, "మీ విషయాలు మీరే నిర్ణయించుకోండి" అని చెప్పి, పెంచుకోమని తలా ఒక మొక్క ఇచ్చారు. రెండో అంతస్తువాళ్లకూ మొక్కలిచ్చారు గాని, అన్నీ సిబ్బందే చూసుకుంటారన్నారు. కొద్ది వారాల్లోనే మొదటివాళ్లలో హుషారు, చురుకుదనం పెరిగాయి.

మన ఇళ్లలో దీనికి మొక్క కూడా అక్కర్లేదు. ఒకటో తేదీన నాలుగు వేల రూపాయల పింఛను వస్తుంది. అమ్మ వేలిముద్ర వేస్తుంది, నోట్లు కొడుకు జేబులోకి వెళ్తాయి. ఈసారి అవి ఆమె కొంగుముడిలోనే ఉండనివ్వండి. మందులకెంత, మనవరాలికెంత, చీటీకెంత అన్నది ఆమెనే లెక్క చూసుకోనివ్వండి. లెక్క తప్పితే తప్పనివ్వండి. మన లెక్కలూ తప్పుతూనే ఉంటాయి కదా.

నమస్కారం.