ముందు ఆయన పాస్‌బుక్కు తియ్యండి
(ఫోన్-ఇన్ కార్యక్రమం, బెంగళూరు. ఇంటి భారం ఒంటరిగా మోస్తున్న ఆడవాళ్ల సందేహాలు)

యాంకర్: కేఆర్ పురం నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు. చెప్పండక్కా.

కాలర్: నమస్తే మేడమ్. మాది మదనపల్లె పక్కన. మా ఆయన ఇక్కడ సెక్యూరిటీ గార్డు. జ్వరమొచ్చి పోయి నాలుగు నెలలైంది. ఇద్దరు పిల్లోళ్లు. నేను అపార్ట్‌మెంట్లో హౌస్ కీపింగ్ చేస్తా ఉండా. ఊళ్లో రేషన్ కార్డు తీసేసి ఇక్కడ చేయించుకుంటే కర్ణాటక సర్కారు ఇంటి ఆడమనిషికిచ్చే గృహలక్ష్మి నెలకు 2,000 వస్తాదంట. చేయించుకునేదా?

సలహాదారు: కార్డు సంగతి తర్వాత చూద్దామమ్మా. ఆయన జీతం పడే ఖాతా పాస్‌బుక్కు ఉందా? ఆయన పోయే ముందటి మే నెలాఖరు వరసలు చూడండి. 436 రూపాయలు కట్ అయిందా?

కాలర్: ఉండండి... 436 ఉంది. దాని కింద 20 కూడా ఉంది.

సలహాదారు: ఆ 436 జీవన్ జ్యోతి బీమాది. జబ్బుతో పోయినా 2 లక్షలు వస్తాయి. 20ది సురక్ష బీమా, అది ప్రమాదానికే. మరణ ధ్రువపత్రం, ఇద్దరి ఆధార్‌లు, మీ పాస్‌బుక్కు తీసుకుని రేపే ఆ బ్రాంచికి వెళ్లండి. బీమాకు నామినీగా ఎవరి పేరుందో ముందు అడగండి. ఆలస్యమైందని నోటిమాటగా పంపించేస్తే ఊరుకోకండి, రాసిమ్మనండి. ఖాతాలో మిగిలిన నాలుగు రూపాయలు తీసుకుని, ఈ రెండు లక్షలు అడక్కుండా వచ్చేసేవాళ్లను తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. జీతంలో పీఎఫ్ పట్టేవాళ్లా?

కాలర్: పట్టేవాళ్లు. మనిషి పోయినాక ఏమీ రాదన్నారు ఏజెన్సీలో.

సలహాదారు: తప్పు చెప్పారు. ఉద్యోగంలో ఉండగా పోతే మూడు వస్తాయి. దాచిన సొమ్ముకు ఫారం 20, పెన్షన్‌కు 10డీ, పీఎఫ్‌తోపాటే ఉండే ఈడీఎల్ఐ బీమాకు 5ఐఎఫ్. బీమా గరిష్ఠంగా 7 లక్షలు. పెన్షన్‌కు ఒక్క నెల చందా పడినా చాలు: మీకు నెలకు కనీసం 1,000, ఇద్దరు పిల్లలకు 25 ఏళ్లు నిండేదాకా ఒక్కొక్కరికి అందులో పావు వంతు. ఏజెన్సీ సంతకం పెట్టకపోతే బ్యాంకు మేనేజరుతోనో గెజిటెడ్ ఆఫీసరుతోనో పెట్టించుకోవచ్చు. ఎక్కువగా ఆగిపోయేది పేరు దగ్గర. పీఎఫ్‌లో ‘వెంకటరమణ’, ఆధార్‌లో ‘వి. రమణ’ అని ఉంటే ముందు అది సరిచేయించాలి.

కాలర్: మరి కార్డు?

సలహాదారు: తొందరపడొద్దమ్మా. ఊళ్లో వితంతు పెన్షన్ మంజూరైతే నెలకు 4,000. ఇక్కడ గృహలక్ష్మి 2,000, వితంతు పెన్షన్ 800, కలిపితే 2,800. రెండు రాష్ట్రాల్లో పేరుంచుకోవడం కుదరదు. ఊళ్లో మంజూరవుతుందో లేదో సచివాలయంలో కనుక్కోండి. అక్కడిదైతే వెళ్లి తెచ్చుకోవాలి కాబట్టి బస్సు చార్జీ, పోయే కూలి కూడా లెక్కేయండి. పిల్లల చదువు ఇక్కడే అనుకుంటే మార్చుకోవడమే మేలు. కానీ ఇక్కడ కొత్త బీపీఎల్ కార్డుకు దరఖాస్తులు తీసుకుంటున్నారని సర్కారు సేవా కేంద్రం బెంగళూరు వన్‌లో తేల్చుకున్నాకే అక్కడ పేరు తీయించండి. లేదంటే రెండూ ఉండవు. ఇంకొకటి, గృహలక్ష్మి డబ్బు ఆధార్‌కు ఆఖర్న కలిపిన ఖాతాలో పడుతుంది. అది ఏ బ్యాంకో ఆధార్ వెబ్‌సైట్లో చూసుకోండి.

యాంకర్: మారతహళ్లి నుంచి ఇంకొకరు.

కాలర్: మా ఆయన వదిలేసి వెళ్లి రెండేళ్లయింది, విడాకుల్లేవు. ఆయన ఇన్‌కం టాక్స్ కడతాడని నాకు గృహలక్ష్మి ఇవ్వలేదు.

సలహాదారు: భర్త టాక్స్ కట్టినా ఇవ్వకూడదన్నది నిబంధన. వదిలేసినవాడి సంపాదన చూపి ఆమెకు ఆపడం నా లెక్కలో అన్యాయమే. మీరు మాత్రం భరణం కేసు వేయండి. కొత్త క్రిమినల్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లో సెక్షన్ 144 కింద, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 125 అదే, మీరుంటున్న చోటే వేయొచ్చు. విడాకులు అక్కర్లేదు. మధ్యంతర భరణం కూడా అప్పుడే అడగండి. ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరును ఇస్తారు, న్యాయసహాయం నంబరు 15100కు ఫోన్ చేయండి. పెళ్లి ఫొటో, పిల్లల ఫీజు రసీదులు, ఆయన కంపెనీ పేరు, ఆయన మీకు ఆఖరిసారి డబ్బు పంపినప్పటి ఫోన్‌పే స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకోండి. పాత ఫోన్ అమ్మకండి.