క్లిప్పు పెట్టిన పేజీలు

శ్రోతలకు నమస్కారం.

సండే స్కూల్లో బ్రిటన్ ఎంపీ విల్బర్‌ఫోర్స్ కథ చెప్పడం తేలిక. భక్తిపరుడు, పార్లమెంటులో ఏళ్ల తరబడి పోరాడాడు, 1807లో బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించింది. పిల్లలు చప్పట్లు కొడతారు. ఆ బానిసలు చాకిరీ చేసిన చెరకు తోటలు ఎవరివి అని ఒకడు అడిగాడా, టీచర్లమైన మనకు టెన్షన్ మొదలు. ఎందుకంటే కొన్నిటికి క్రైస్తవ సంస్థలే యజమానులు. 1710లో కరీబియన్ దీవి బార్బడోస్‌లోని కోడ్రింగ్టన్ తోటలు వీలునామా ప్రకారం ఒక సువార్త సంస్థకు దక్కాయి. అక్కడి బానిసల ఛాతీ మీద ‘సొసైటీ’ అని వాత పెట్టేవారు. 2006లో ఇంగ్లండ్ సంఘం (చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్) దీనికి క్షమాపణ చెప్పుకుంది.

కాస్త ఊహ తెలిసిన పిల్లల దగ్గర ఇది దాచకూడదంటాను. రేపు కాలేజీలో ఇంకెవరో చెబితే, మనం చెప్పిన మిగతావీ నమ్మరు.

అదే 1807లో లండన్‌లో బానిసల కోసమని ఒక బైబిల్ అచ్చువేశారు. ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన కథ అందులో లేదు. గలతీ పత్రికలోని “దాసుడని స్వతంత్రుడని లేదు” అన్న మాటా లేదు. దాసులు యజమానులకు లోబడాలన్న వాక్యం మాత్రం భద్రంగా ఉంది. క్లాసులో పిల్లల చేతే వాళ్ల బైబిళ్లలో, అలా తీసేసిన భాగాలున్న పేజీలను క్లిప్పులు పెట్టి మూయించండి. ఎర్ర సముద్రం మూతపడగానే “ఇదెందుకు తీసేశారు టీచర్?” అని వాళ్లే అడుగుతారు. జవాబు మీరు తొందరపడి చెప్పేయకండి.

వ్యాపారం నిషేధించినా, బ్రిటన్ వలసల్లో బానిసత్వం అలాగే ఉంది. అలాంటి వలస జమైకాలో శామ్ షార్ప్ అనే బానిస, బాప్టిస్టు సంఘంలో డీకన్ (పరిచారకుడు). “ఎవడును ఇద్దరు యజమానులకు దాసుడుగా నుండనేరడు” అన్న వాక్యాన్ని ఆయన ఉన్నదున్నట్టే తీసుకున్నాడు. 1831 క్రిస్మస్ అయ్యాక, కూలి ఇస్తేనే చెరకు కోస్తామని పని ఆపించాలనుకున్నాడు. అది తిరుగుబాటైంది, తోటలు తగలబడ్డాయి. 1832 మేలో ఆయన్ను ఉరితీశారు. మరుసటి ఏడే బానిసత్వ రద్దు చట్టం వచ్చింది. యజమానులకు 2 కోట్ల పౌండ్ల పరిహారం, బానిసలకు పైసా లేదు.

తర్వాత చెరకు తోటల పనికి మనవాళ్లు వెళ్లారు. ముందు మారిషస్‌కు, 1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నటాల్‌కు. అది ఒప్పంద కూలి, బానిసత్వం కాదు. కష్టాలు ఎన్ని ఉన్నా రెండూ ఒకటేనని పిల్లలకు చెప్పొద్దు. ఆ తెలుగు కూలీల కోసం 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య అనే బాప్టిస్టు బోధకుడు నటాల్ వెళ్లి, కియర్స్నీలో తెలుగు సంఘం స్థాపించారు. నాకైతే పాఠం ఈయనతో మొదలుపెట్టి వెనక్కి జమైకా దాకా వెళ్లడం ఇష్టం. మ్యాపులో నెల్లూరు నుంచి నటాల్ రేవు డర్బన్‌కు గీత గీయిస్తే చిన్నపిల్లలూ కదలకుండా వింటారు.