మాటలో వద్దు, రాతలో అడగండి

శ్రోతలందరికీ నమస్కారం.

తిరుపతి చుట్టుపక్కల బడుల్లో ముప్పై ఏళ్లకు పైగా చిన్న తరగతుల పిల్లలకు అక్షరాలు దిద్దించాను. ఈ పూట ఒక్క పిల్లవాడి గురించే చెబుతాను. పేరు చెప్పను. మా వీధి పిల్లవాడు, తొమ్మిదేళ్లవాడు.

గంగమ్మ జాతర రోజులవి. మా వరండాలో కూర్చుని వేషాలన్నీ వరసగా చెప్పాడు. "ముందు బైరాగి వేషం అవ్వా, ఒంటికి నామకొమ్ము పూస్తారు. బండ వేషానికి కుంకుమ. తోటి వేషానికి బొగ్గు. దొరకు గంధం." మాతంగి, సున్నపు కుండలు, ఏదీ వదల్లేదు. వాళ్ల నాయన వేషం కట్టినప్పుడు వేపమండలు ఎట్లా పట్టుకున్నాడో లేచి నడిచి చూపించాడు.

"ఇదంతా రాసి చూపించు నాయనా" అన్నాను.

వాడి మొహం మారిపోయింది. పెన్సిల్‌ను అదిమి పట్టుకున్నాడు. పది నిమిషాల్లో రెండే మాటలు. 'గంగమ్మ'లో సున్నా లేదు, మ వత్తు లేదు. 'వేషం' కాస్తా 'పేషం' అయింది. మళ్లీ రాయమంటే ఈసారి సున్నా ఉంది, మొదటి 'గ' పోయింది. చెరిపి చెరిపి కాగితం చిరిగింది.

పరీక్ష చేసిన సైకాలజిస్టు డిస్లెక్సియా అన్నారు, అంటే చదవడంలో, రాయడంలో వచ్చే ఇబ్బంది. తెలివితక్కువతనం కాదు, బద్ధకం అసలే కాదు. నా క్లాసుల్లోనూ ఇట్లాంటి పిల్లలు ఉండే ఉంటారు. ఒకరిద్దరిని 'మొద్దు' అన్న గుర్తు కూడా ఉంది. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాలు నడవకపోతే మన ఊళ్లో బర్డ్ ఆసుపత్రి ఉంది. వినికిడి లేని పసిపిల్లలకు టీటీడీ వారి శ్రవణం ఉంది. మరి బయటికి కనిపించని ఇబ్బంది సంగతి? 1995 నాటి వికలాంగుల చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, డిస్లెక్సియా వాటిలో లేదు. 2016లో వచ్చిన కొత్త చట్టం ఆ ఏడింటిని ఇరవై ఒకటి చేసింది. వాటిలో ఇదీ ఉంది. 2017 ఏప్రిల్ 19 నుంచి అది అమల్లో ఉంది.

చట్టం ఉన్నా ఆ పిల్లవాడి తల్లికి ఏమైందో వినండి. ఒక బడిలో సీటు అడిగితే, "ఇట్లాంటి పిల్లలకు మా దగ్గర టీచర్లు లేరమ్మా, స్పెషల్ స్కూల్‌కు తీసుకెళ్లండి" అన్నారు. ఇంకో బడిలో నలభై శాతం వైకల్యం ఉందన్న సర్టిఫికెట్ తెమ్మన్నారు. రెండు చోట్లా నోటిమాటే. "నేనేం తప్పు చేశాను మేడం" అని నా ముందు ఏడ్చింది.

ఆమె తప్పేమీ లేదు. చట్టంలో 16వ సెక్షన్ చూడండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడి ప్రైవేటుదైనా సరే, వివక్ష లేకుండా పిల్లల్ని చేర్చుకోవాలన్నది అందులోని మాట. నలభై శాతం షరతు అక్కడ లేదు. ఆ శాతం వేరే చోట వస్తుంది, ఆరేళ్ల నుంచి పద్దెనిమిదేళ్ల దాకా ఉచిత చదువు హక్కు దగ్గర. అందుకని వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే ప్రభుత్వ సదరం శిబిరంలో స్లాట్ బుక్ చేసుకోండి, సర్టిఫికెట్ తెచ్చుకోండి. కానీ అది వచ్చేదాకా బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టనక్కర్లేదు. పరీక్షల్లో అదనపు సమయం, చెబితే రాసిపెట్టే మనిషి, ఇవి 17వ సెక్షన్‌లో ఉన్నాయి.

ఒక లోటు మాత్రం చెప్పాలి. బడులన్నీ ఇట్లా నడిచేలా ప్రభుత్వం 'కృషి చేయాలి' అంటుంది ఆ 16వ సెక్షన్. 'చేసి తీరాలి' అని ఉంటే ఆ తల్లి చేతికి ఇంకా బలం ఉండేది. ఆ ఒక్క మాట మారాలని నా కోరిక. టీచర్లు లేరన్న జవాబుకూ కాలం చెల్లాలి. ప్రాథమిక తరగతుల్లో ఇట్లాంటి పిల్లలు పదిమందికి ఒక స్పెషల్ టీచర్, పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు ఉండాలని, సుప్రీంకోర్టు 2021లో ఆదేశించాక, కేంద్ర ప్రభుత్వం 2022లోనే చెప్పింది.

అది జరిగేదాకా మీరు చేయగలిగింది ఒకటుంది. మాటలో వద్దు, రాతలో అడగండి. పెన్ను తీసుకోండి, నేను నిదానంగా చెబుతాను.

హెడ్మాస్టర్ గారికి. మా అబ్బాయికి, లేదా మా అమ్మాయికి, ఫలానా ఇబ్బంది ఉంది. ఫలానా తరగతిలో సీటు అడుగుతున్నాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం, 16వ సెక్షన్ ప్రకారం చేర్చుకోగలరు. కుదరదంటే కారణం రాసి ఇవ్వగలరు.

మళ్లీ చెబుతాను. కుదరదంటే, కారణం రాసి ఇవ్వగలరు.

మా వీధి తల్లి ఇట్లాగే రాసి తీసుకెళ్లింది. కాగితం చదివి కారణం రాసివ్వడానికి ఎవరూ ముందుకు రాలేదు. నాలుగో రోజు ఫోన్ చేసి పిల్లవాణ్ణి తీసుకురమ్మన్నారు.

రెండు కాపీలు రాయండి. ఒకటి బడిలో ఇవ్వండి. రెండోదాని మీద 'ముట్టింది' అని సంతకం, తేదీ, బడి సీలు వేయించుకుని దాచుకోండి. రాతలో కాదంటే మీ కాపీ, వాళ్ల జవాబు రెండూ జతచేసి మండల విద్యాధికారి, అదే ఎంఈఓ గారికి ఇవ్వండి, అక్కడా కాకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు పంపండి. సీలు మాత్రం మరిచిపోవద్దు. నమస్కారం.