నీళ్లు ఆరేలోగా

అందరికీ నమస్కారం. కెటిల్‌లో నీళ్లు ఇప్పుడే సలసలా మరిగాయి. వీటిని ఈ వెడల్పు గిన్నెలోకి వంపి పక్కన పెడుతున్నాను. ఇవి ఆరేలోగా నా మాటలు ముగించాలి. ఇందులో వేయబోయేది సెంచా, జపాన్ ఇళ్లలో రోజూ తాగే గ్రీన్ టీ. దానికి మరిగే నీళ్లు పనికిరావు.

మనకు టీ అంటే పొగలు కక్కాలి. ఆరిన టీ ఇస్తే వచ్చినవాళ్లను చిన్నచూపు చూసినట్టే. జపాన్‌లో మాత్రం ఎంత వేడిగా ఇవ్వాలో తాగే మనిషిని చూసి తేల్చుకుంటారు. ఆ దేశపు పానీయాల్లో నన్ను కట్టిపడేసింది ఇదే.

దీనికి వాళ్లు చెప్పుకునే కథ ఒకటుంది. 16వ శతాబ్దంలో నాగహామా కోటకు ప్రభువుగా ఉన్న హిదెయోషి డేగ వేటకు వెళ్లి, నాలుక పిడచగట్టుకుపోయి, దారిలో ఒక బౌద్ధాలయంలో టీ అడిగాడు. అక్కడి కుర్రాడు పెద్ద గిన్నెలో ముప్పావు వంతు దాకా గోరువెచ్చని టీ తెచ్చాడు. గటగటా తాగేసి ఇంకోటి అడిగాడు ప్రభువు. ఈసారి సగానికి కాస్త తక్కువగా, కొంచెం వేడిగా వచ్చింది. మూడోది చిన్న గిన్నెలో, నాలుక చురుక్కుమనేంత వేడిగా. ఎండిన గొంతుకు ముందు కావలసింది తడి, అది తీరాకే రుచి. ఆ సంగతి గ్రహించిన కుర్రాణ్ణి హిదెయోషి కొలువులోకి తీసుకున్నాడు. అతనే ఇషిదా మిత్సునారి, 1600లో సెకిగహారా యుద్ధంలో ఓడిన పక్షాన్ని నడిపినవాడు. ఇది తర్వాతి కాలంలో రాసిన కథ. అయినా నాగహామా స్టేషన్ ముందు ఆ కుర్రాడు టీ అందిస్తున్న విగ్రహం నిలబెట్టుకున్నారు.

అదే హిదెయోషి దగ్గర టీ గురువుగా ఉన్నాడు సెన్ నో రిక్యూ. ఆయన చెప్పినవని పరంపరగా వస్తున్న ఏడు నియమాల్లో ఒకటి, వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా అనిపించాలని. ఆయనదని చెప్పే తైఆన్ అనే టీ గది పట్టుమని రెండు చాపలంత ఉంటుంది. వాకిలి ఎంత చిన్నదంటే, ఎంతటి ప్రభువైనా వంగి, మోకాళ్ల మీద లోపలికి రావాలి. ఆ గురువును 1591లో ప్రాణం తీసుకోమని ఆజ్ఞాపించింది హిదెయోషీయే. మూడు గిన్నెల మర్మం తెలిసిన మనిషి ఆ పని ఎలా చేశాడో నాకు ఈనాటికీ మింగుడుపడదు.

సెంచాకు మరిగే నీళ్లు ఎందుకు వద్దంటే, ఆకులోని కమ్మదనం తక్కువ వేడికే నీళ్లలోకి దిగుతుంది. వగరూ చేదూ వేడి పెరిగేకొద్దీ ఎక్కువగా దిగుతాయి. అందుకే సెంచాకు 70 నుంచి 80 డిగ్రీలు. కోతకు ముందు సుమారు 20 రోజులు చెట్లను నీడలో ఉంచి తీసే గ్యొకురో అనే టీకి 50, 60 చాలు. వేయించిన ఆకు హోజిచాకైతే మరిగే నీళ్లే పోస్తారు.

సాకె సంగతికొస్తే, అది బియ్యానికి కోజి అనే బూజు పట్టించి చేసే మద్యం. కోజితో చేసే ఆ విద్యకు 2024లో యునెస్కో గుర్తింపు దక్కింది. సాకె వేడికి వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి. సుమారు 30 డిగ్రీలైతే ఎండపొడ. 35 అయితే ఒంటి వెచ్చన. చల్లబరిస్తే, 10 దగ్గర పూల చలి, 5 దగ్గర మంచు చలి. నలుగురు కూర్చున్నచోట ఎవరి కప్పు వాళ్లు నింపుకోరు. పక్కవాడి కప్పు ఖాళీ అయిందేమో చూస్తుండాలి. మన కప్పు సంగతి వాళ్లు చూసుకుంటారు.

మనిషి లేని వెండింగ్ మెషీన్‌లోనూ ఇదే పట్టింపు. ఒకే పెట్టెలో చల్లని డబ్బాలు, వేడి డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. వేడి వాటి కింద ఎర్ర చీటీ మీద ‘అతతకాయ్’ అని రాస్తారు. అంటే వెచ్చన. కాలే వేడికి వాళ్లకు వేరే మాట ఉంది, అది రాయరు. చలిలో రైలు కోసం నిలబడి, కాఫీ డబ్బా తెరవకముందు రెండు అరచేతుల్లో పట్టుకుంటే తెలుస్తుంది ఆ మాట విలువ.

కాల్పిస్ గురించి కూడా ఒక్క మాట చెప్పాలి. మంగోలుల దగ్గర పులిసిన పాలు తాగి వచ్చిన మిషిమా కైఉన్ 1919లో అమ్మకానికి తెచ్చిన తియ్యటి పుల్లటి పాల పానీయం ఇది. పేరులో ‘కాల్’ కాల్షియం. ‘పిస్’ సంస్కృతంలోని సర్పిస్. మన నిఘంటువుల్లో నెయ్యికి ఉన్న ‘సర్పిస్సు’ అదే! బౌద్ధ గ్రంథాల వెంట అంత దూరం వెళ్లిన మాట ఒక సీసా మీద కనబడితే చుట్టాన్ని చూసినట్టుంది నాకు.

గిన్నె ముట్టుకుంటే చేయి కాలడం లేదు. ఇక ఆకు మీద పోస్తున్నాను. ఒక్క నిమిషం. మూడు కప్పులున్నాయి. ఇటునుంచి అటు కొంచెం కొంచెం, మళ్లీ అటునుంచి ఇటు. ఇలా పోస్తే ఒకరికి పలచన, ఒకరికి చిక్కన కాదు. చివరి బొట్టు దాకా వంపాలి.

అమ్మా, మీరు ఎండలో నడిచొచ్చి ఇంకా విసురుకుంటూనే ఉన్నారు. మీకు ఈ పెద్ద కప్పు. ఇంకాస్త ఆరాక ఇస్తాను.