పని సంగతి ముందు చెప్పేది పక్క సీటువాళ్లే

హోస్ట్: నమస్కారం. ఈ రోజు మన అతిథి చాలాకాలంగా కొత్త ఉద్యోగులకు శిక్షణ ఇస్తున్నారు. మేడం, ఒక పని మంచిదా, విసుగు పుట్టించేదా అన్నది చేశాకే కదా తెలిసేది?

అతిథి: అలాగే అనుకుంటామండీ. కానీ చాలాసార్లు పని మొదలుపెట్టకముందే దాని మీద ఒక అభిప్రాయం వచ్చేసి ఉంటుంది. కొత్తగా చేరిన అమ్మాయికి హాజరు వివరాల ఎక్సెల్ షీట్ ఇచ్చి సరిచూడమన్నారనుకోండి. పక్క సీటాయన "అయ్యో, అది నీ నెత్తిన పడిందా? దాన్ని ఎవరూ చూడరు" అన్నాడు. ఆమె గబగబా కిందికి స్క్రోల్ చేసేస్తుంది. అదే ఆయన "నాలుగో కాలమ్ జాగ్రత్త, అక్కడ తేడా వస్తే నెలాఖరున ఎవరిదో జీతం కట్ అవుతుంది" అంటే? ఆ కాలమ్ దగ్గర ఆగి మళ్లీ చూస్తుంది.

హోస్ట్: రెండుసార్లూ షీట్ ఒకటే!

అతిథి: అదే కదా. 1976లో హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు పనిలో ఉండే లక్షణాల గురించి రాశారు. రకరకాల నైపుణ్యాలు వాడే అవకాశం, స్వేచ్ఛ, ఫలితం మనకు తెలియడం, ఇలాంటివి. రెండేళ్లకు, 1978లో, శాలన్సిక్, ఫెఫర్ అనే మరో ఇద్దరు పరిశోధకులు ఇంకో మాట అన్నారు. ఆ లక్షణాలు మనకు ఎలా కనిపిస్తాయన్నది చుట్టూ ఉన్నవాళ్లు చెప్పేదాన్ని బట్టి కూడా ఉంటుందని. తోటివాళ్లు మంచీచెడూ నేరుగా చెప్పడమే కాదు, దేన్ని పట్టించుకోవాలో కూడా వాళ్లే చూపిస్తారు. బాస్ ముక్తసరిగా మెయిల్ పెడితే అది కోపమో, ఆయన తీరే అంతో, అదీ వాళ్లే చెబుతారు.

హోస్ట్: అయితే మేనేజర్లు నాలుగు మంచి మాటలు చెబితే సరిపోతుందన్నమాట!

అతిథి: అక్కడే ఆగాలండీ. రికీ గ్రిఫిన్ అనే పరిశోధకుడు 1983లో ఫ్యాక్టరీల్లో చేసిన ప్రయోగం నాకు చాలా ముఖ్యం. సూపర్‌వైజర్ల మాటలు మారినా, నిజంగా పని స్వరూపమే మారినా, పని మీద కార్మికుల అభిప్రాయం మారింది. ఉత్పత్తి మాత్రం పని స్వరూపం మారినప్పుడే పెరిగింది. చెడ్డ పనికి తియ్యటి మాటలు పూసి వదిలేయడం ఉద్యోగుల పట్ల అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను.

హోస్ట్: మరి పని నేర్చుకోవడంలో?

అతిథి: దానికి జూలియన్ ఓర్ అనే మానవశాస్త్రవేత్త పరిశీలన చూడాలి. జిరాక్స్ కంపెనీలో కాపీ మెషీన్లు బాగుచేసే టెక్నీషియన్ల వెంట తిరిగారాయన. వాళ్ల చేతిలో మాన్యువల్ ఉంది, మెషీన్ ఎర్రర్ కోడ్ చూపిస్తోంది. కానీ కోడ్ చెప్పేదొకటి, మెషీన్ చేసేదొకటి. అప్పుడు ఇద్దరు దాని ముందు కూర్చుని "ఓసారి నాకిలాగే అయింది" అంటూ పాత కేసులు ఒక్కొక్కటే తవ్వుకుంటూ పోయారు. అలా చెప్పుకుంటూనే లోపం పట్టేశారు. బయటినుంచి చూసేవాళ్లకు అది కాలక్షేపంలా అనిపిస్తుంది. అసలు పనే అది. టీ బ్రేకులో మాట్లాడుకుంటున్నారని కసురుకునేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

హోస్ట్: ఇంటినుంచి పనిచేసేవాళ్లకు ఆ పక్క సీటే లేదు కదా?

అతిథి: లేదు. చాట్‌లో ఫైలు వస్తుంది, దాని వెనక కథ రాదు. "ఇది తెలీదా" అంటారేమోనన్న టెన్షన్‌తో అడగరు కూడా. అందుకే మొదటి వారంలో కొత్తవాళ్లను ఆ పని చేస్తున్న ఒకరితో స్క్రీన్ షేర్‌లో కూర్చోబెట్టమంటాను. చేస్తూనే "ఇక్కడ ఎందుకు ఆగానంటే" అని ఆయన పైకి చెబుతుండాలి. పోయిన నెల ఫైలు ఎవరికి వెళ్లింది, వాళ్లు దాంతో ఏం చేశారు, అదీ చూపించాలి. ఆ పనంటే విసిగిపోయినవాళ్లను మాత్రం మొదటి వారం జత చేయకండి. వాళ్ల ఫిర్యాదులో న్యాయం ఉంటే అది వినాల్సింది మేనేజర్, కొత్తగా వచ్చిన పిల్ల కాదు.