ఊడిపోయిన ఫిల్ముల గురించి కూడా చెప్పుకుందాం

అందరికీ నమస్కారం. వేదిక మీద పెద్దల పేర్లన్నీ చదివితే నాకిచ్చిన టైమ్‌లో సగం అక్కడే అయిపోతుంది, ఏమనుకోకండి. నాకిచ్చిన టాపిక్ పల్స్‌డ్ లేజర్‌తో, అంటే ఆగి ఆగి మెరిసే లేజర్‌తో, వేసే గట్టి కార్బన్ పూతలు, వాటి గుణాలు. ఈ పూతల్నే మేం ఫిల్ములంటాం. స్లైడ్లు 40 తెచ్చాను, అన్నీ చూపించనులెండి.

పద్ధతి తేలికే. వాక్యూమ్ చాంబర్‌లో గ్రాఫైట్ బిళ్ళ తిరుగుతుంటుంది, దాని మీద లేజర్ పడుతుంది, మాది 248 నానోమీటర్ల ఎక్సైమర్ అనే అతినీలలోహిత గ్యాస్ లేజర్, ఒక్కో పల్స్ 20 నానోసెకన్లు, ఆ కాసేపట్లోనే పైపొర ప్లాస్మా అయిపోయి ఎదురుగా ఉన్న సిలికాన్ ముక్క మీదకి దూకుతుంది. అయాన్లు ఓ 100 ఎలక్ట్రాన్‌వోల్టుల ఊపుతో వస్తే పైన కూర్చోవు, లోపలికి దూరి ఇరుక్కుపోయి, వజ్రంలో ఉండే ఎస్‌పీ3 బంధాలు కడతాయి. పెన్సిల్ ముల్లులోని గ్రాఫైటే వజ్రానికి చుట్టమైపోతుందన్నమాట. వేడి చేస్తూ వేస్తే ఇంకా బాగొస్తుందనుకుంటారు కొత్తవాళ్ళు, కాదు, 200 డిగ్రీలు దాటిందా మళ్ళీ గ్రాఫైట్ వైపే జారుతుంది.

లేజర్ కాంతి వేసి లోపలి బంధాల్ని చూసే రామన్ పరీక్ష గురించి తర్వాత చెప్తా. అసలు నేనొచ్చింది ఇంకో సంగతి కోసం.

నా మొదటి మందమైన ఫిల్మ్ సాయంత్రం బయటికి తీశాను, నల్లటి అద్దంలా ఉంది, నా మొహం కనపడుతోంది. డబ్బాలో పెట్టి వెళ్ళాను, రాత్రి సరిగ్గా నిద్ర కూడా పట్టలేదు. పొద్దున్నే మూత తీస్తే ఒక అంచు నుంచి వానపాముల్లా మెలికలు తిరిగి ఉబ్బి ఉంది! మైక్రోస్కోప్ కింద పెడితే, నేను చూస్తుండగానే ఒక మెలిక ఇంకాస్త ముందుకి పాకింది. గాల్లో తేమ తగిలితే ఇంకా తొందరగా పాకుతుంది. మా గైడ్ గారు చూసి, "అది పక్కన పడెయ్, ఊడనిదుంటే దాని హార్డ్‌నెస్ పట్రా" అన్నారు. అలా 11 ఊడాయి. నా థీసిస్‌లో వాటి గురించి ఒక్క ముక్క లేదు, ఇప్పటికీ బాధే.

ఎందుకు ఊడుతుంది? బంధాలు కట్టించిన ఆ అయాన్ల గుద్దుడే లోపల ఒత్తిడి కూడా పెంచుతుంది, గిగాపాస్కల్స్‌లో. నిండిపోయిన హాల్లోకి ఇంకా జనాన్ని తోసినట్టు, ఇప్పుడు ఆ వెనక బెంచీలో లాగే. మందం పెరిగేకొద్దీ ఊడదీసే శక్తి పెరుగుతుంది, అందుకే పల్చటివి నిలబడతాయి. కానీ గుచ్చి గట్టిదనం కొలిచే నానోఇండెంటర్ సూది ఫిల్మ్ మందంలో పదో వంతు దాటి దిగిందంటే మనం కొలిచేది సగం సిలికాన్‌నే. అంటే కొలవడానికి వీలైనది ఊడిపోతుంది, ఊడనిది కొలవడానికి లొంగదు! ఇది తెలిసి కూడా "వజ్రమంత గట్టిది" అని రాసేస్తాం.

మందు లేకపోలేదు. పల్చగా వేసి, వాక్యూమ్‌లో 600 డిగ్రీల దగ్గర కాస్త కాల్చి, మళ్ళీ వేస్తే ఒత్తిడి చాలావరకు పోతుంది, ఎస్‌పీ3 పెద్దగా తగ్గదు. వేసేటప్పుడు పడని వేడి, వేశాక పడుతుంది, చిత్రమే కదా. ఒత్తిడి కొలవడానికి పల్చటి సిలికాన్ పట్టీ పూతకి ముందు ఎంత వంగి ఉంది, తర్వాత ఎంత వంగింది చూస్తే చాలు, స్టోనీ ఫార్ములా 1909 నుంచీ ఉంది. స్టూడెంట్స్‌లో ఎంతమంది కొలిచారు, చేతులెత్తండి... ముగ్గురు. సరే.

రామన్‌కి టైమ్ లేదు, ఒక్క మాట, కంటికి కనపడే లేజర్‌తో తీస్తే అది గ్రాఫైట్‌లో ఉండే ఎస్‌పీ2 బంధాల్నే ఎక్కువగా చూస్తుంది, ఆ ఒక్కదాన్ని నమ్మి ఎస్‌పీ3 శాతం రాయకండి.

ఆ 11లో ఒకటి డబ్బాలో తెచ్చాను, ముందు వరస నుంచి పంపిస్తున్నా. మూత తీశాక కాస్త ఊపిరి బిగబట్టండి బాబూ, ఎగిరిపోతుంది.