వీపీఎన్‌ను కంటైనర్‌లో నడపడం: గ్లూటన్ సమీక్ష

ప్రేక్షకులకు నమస్కారం. విశాఖలోని రుషికొండ, మధురవాడ ఐటీ కార్యాలయాల పనిని ఇంటి నుంచి చేసేవారికి ఈ చిక్కు కొత్త కాదు: వీపీఎన్ (మన ట్రాఫిక్‌ను గుప్తీకరించి మరో సర్వర్ గుండా పంపే ఏర్పాటు) కలపగానే కంప్యూటర్‌లోని ప్రతి ప్రోగ్రామూ ఆ దారినే పడుతుంది, పక్క గదిలోని ప్రింటరు సైతం కనబడకుండా పోతుంది. కావలసిన ఒకటి రెండు ప్రోగ్రాములను మాత్రమే వీపీఎన్ గుండా పంపి, మిగిలినవాటిని మామూలు దారిలో ఉంచాలనుకునేవారి కోసం డాకర్‌లో (ప్రోగ్రాములను కంటైనర్లనే విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) నడిచే గ్లూటన్ అనే ఓపెన్ సోర్స్ క్లయింటును ఈరోజు సమీక్షిస్తున్నాను.

ప్రతి కంటైనర్‌కూ తనదైన నెట్‌వర్క్ నేమ్‌స్పేస్, అంటే సొంత ఇంటర్‌ఫేసులు, సొంత రూటింగ్ పట్టిక ఉంటాయి. గ్లూటన్ తన నేమ్‌స్పేస్‌లో వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ పద్ధతుల్లో ఒకదానితో టన్నెల్‌ను, అంటే గుప్తీకరించిన దారిని తెరుస్తుంది. కంటైనర్ల అమరికను రాసే కంపోజ్ ఫైలులో నెట్‌వర్క్ మోడ్ వద్ద గ్లూటన్ సర్వీసును సూచిస్తే, మన బ్రౌజర్ కంటైనర్ కూడా అదే నేమ్‌స్పేస్‌లో చేరుతుంది. ఆ క్షణం నుంచి దానికి సొంత పోర్టులుండవు కనుక, బయటికి తెరవవలసిన పోర్టులను గ్లూటన్ కిందనే రాయాలి. కొత్తవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

దీనికి అవసరమైన అనుమతులు రెండే: నెట్‌వర్క్ అమరికలు మార్చనిచ్చే నెట్ అడ్మిన్ సామర్థ్యం, టన్నెల్‌కు కావలసిన టన్ పరికరం. కొందరు తొందరలో దాదాపు అన్ని అనుమతులూ ఇచ్చే ప్రివిలేజ్డ్ మోడ్ పెట్టేస్తారు. అది ఒక గదికి సున్నం వేయడానికి వచ్చినవారి చేతిలో ఇంటి తాళాల గుత్తి మొత్తం పెట్టినట్లే.

నాకు అన్నింటికన్నా నచ్చినది ఇందులోని ఫైర్‌వాల్. టన్నెల్ తెగినప్పుడు ట్రాఫిక్ చడీచప్పుడు లేకుండా మామూలు కనెక్షన్ మీదికి జారిపోకుండా, ఐపీటేబుల్స్ (లైనక్స్ ఫైర్‌వాల్) నియమాలు దానిని అక్కడికక్కడే ఆపివేస్తాయి. ఇంటి నెట్‌వర్క్‌లోని ప్రింటరును కూడా ఆ నియమాలే అడ్డుకుంటాయి. ఈ కంటైనర్ల నుంచి దానిని చేరాలంటే ఇంటి సబ్‌నెట్‌ను (ఇంటి పరికరాల చిరునామాల పరిధిని) అనుమతించే సెట్టింగు విడిగా ఇవ్వాలి.

ఇక అసలు లోపానికి వద్దాం. గ్లూటన్ కంటైనర్ పునఃప్రారంభమైతే కొత్త నేమ్‌స్పేస్ పుడుతుంది, దానిని ఆధారం చేసుకున్న కంటైనర్లు మాత్రం పాతదానినే పట్టుకొని, నడుస్తున్నట్లు కనిపిస్తూనే నెట్ లేకుండా మిగిలిపోతాయి. గ్లూటన్ సరిగా పనిచేస్తోందో చూసే హెల్త్ చెక్ పూర్తయ్యాకే మిగిలినవి మొదలవ్వాలని కంపోజ్ ఫైలులో రాయవచ్చు, రాయాలి కూడా. కానీ ఆ క్రమాన్ని పాటించేది కంపోజ్ ఆదేశమే. తుపాను గాలులకు కరెంటు పోయి వచ్చినప్పుడు, రీస్టార్ట్ పాలసీ ప్రకారం డాకర్ తనంతట తాను కంటైనర్లను లేపే సమయంలో ఆ క్రమాన్ని చూడదు. మన తీరంలో ఇది అరుదైన సంగతి కాదు కనుక, కంప్యూటర్ లేచాక కంటైనర్లన్నింటినీ కంపోజ్‌తో ఆపి మళ్లీ లేపే చిన్న సిస్టమ్‌డీ యూనిట్ (లైనక్స్ మొదలైనప్పుడు తనంతట తాను నడిచే ఆదేశాల ఫైలు) రాసిపెట్టుకోవడం మంచిది.

సర్వర్ ఎంపికలో మరొక మాట. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాలు, వినియోగదారుల వివరాలను కనీసం 5 ఏళ్లు భద్రపరచాలని వీపీఎన్ సంస్థలను కోరడంతో, ఎక్స్‌ప్రెస్‌వీపీఎన్, సర్ఫ్‌షార్క్, నార్డ్‌వీపీఎన్ మన దేశంలోని తమ సర్వర్లను తొలగించాయి. కాబట్టి జాబితాలో భారత్ అని కనిపించినంత మాత్రాన ఆ యంత్రం ఇక్కడే ఉందనుకోరాదు. అది సింగపూర్‌లో ఉంటే, విశాఖ నుంచి హైదరాబాదుకు వెళ్లవలసిన ప్యాకెట్ సముద్రం దాటి తిరిగి రావలసి ఉంటుంది.

డాకర్ అలవాటున్నవారికి నేను దీనిని నిస్సంకోచంగా సూచిస్తాను. వీపీఎన్ కోసమే డాకర్ నేర్చుకోవాలనుకునేవారికి మామూలు క్లయింటు చాలు. కార్యాలయం వైర్‌గార్డ్ లేదా ఓపెన్‌వీపీఎన్ ఫైలు ఇచ్చి ఉంటే కస్టమ్ ఎంపికలో అదీ పనిచేస్తుంది, అయితే కంపెనీ యంత్రంపై ఇలాంటి మార్పులకు ముందుగా ఐటీ విభాగం అనుమతి తీసుకోండి.